లక్నవరం, అవుతలి దిక్కు నుంచి

చల్వాయి కాడ బస్సు దిగి తొవ్వ అడిగితె
అందరు ఆటో చూపించిండ్రు.
నడుస్తనంటె నవ్విండ్రు.

అప్పుడు ఆటోలు లేకుండె. మేం ఐదుగురం.
సత్తుగిన్నెల సర్వపిండి, బట్టసంచిల మామిడికాయ తొక్కు,
బాపు భుజం మీద ఓదెలు.
ఆజంజాహి మిల్లు బోనసు ఇచ్చిన ఏడే వచ్చెటోళ్లం,
ఎండకాలం సెలవులల్ల.
ఇయ్యని ఏడు
బాపు లక్నవరం ముచ్చట చెప్పి పండబెట్టెటోడు.

ఓదెలుకు ఫోను చేసిన.
"అది లక్నవరం కాదక్కా, పాకాల.
మెట్ల మీద జారి నా పన్ను ఊడింది పాకాలల్నే."
పన్ను వానిది, మాట వానిది.
నాకైతె ఈ తూము రాయి ఎరుకే.
దీని మీది అడుగుల గీతల పక్కన నిలబెట్టి
బాపు మమ్ముల కొలిచెటోడు:
"చెరువు రెండు, పెద్దది నాలుగు, కోమల మూడు,
వీడు ఇంకా బురదల్నే ఉన్నడు."

ఇప్పుడు గీతలకు కొత్త రంగు.
అడుగులు పోయి మీటర్లొచ్చినయి.
చెప్పులు విడిచి పక్కన నిలబడ్డ.
ఒకటిన్నర.
ఇంత బతుకు బతికి, ఒకటిన్నర.

టికెట్ల గదిల పిల్ల పేరు సమ్మక్క.
మెడల కార్డు. బుస్సాపురం పిల్లె.
"మా నాయిన గిదే చెరువుల చాపలు పట్టెటోడమ్మా,
నాకు నెలనెలా జీతమొస్తది" అంటున్నప్పుడు
దాని మొకం చూసి,
పాతదే మంచిగుండె అన్న మాట
నాలిక మీదికొచ్చింది, మింగిన.

"ఇంతకుముందు వచ్చినవా?"
"వచ్చిన. వంతెన లేకుండె."
"మరి దీవి మీదికి ఎట్ల పోయెటోళ్లు?"
"పోయెటోళ్లం కాదు. చూసెటోళ్లం."
చిల్లర లెక్కపెడ్తున్న చెయ్యి ఆగింది.
నన్ను ఇంకోసారి చూసింది.

ఉత్తగ చూసుడు కాదు.
పొద్దుమూకంగ ఆ గుట్టల నడుమ ఒక దీపం లేచేది.
చాపలోళ్ల లాంతరని అవ్వ అనేది.
బాపు ఒప్పుకునేటోడు కాదు:
"అక్కడొక ముసలవ్వ ఉంటది. ఒక్కతే.
మనం వచ్చినమని ఆమెకు ఎరుకే.
చూసిన బిడ్డా, చూసిన అని చెప్తాంది."
కోమల రెండు చేతులు ఊపేది.
సాంచెల మోతకు సగం చెవులు పోయిన మనిషి,
అంత సప్పుడులేని నీళ్ల కాడ
తల ఒక పక్కకు వంచి
ఏం వినెటోడో.

వంతెన ఊగింది.
నా ముందు కొత్త జంట, వాళ్ల ముందు కర్రకు కట్టిన ఫోను.
ఇనుపతాడు పట్టుకుంటె అరచేతికి మడ్డి అంటింది.
దీవి మీద ప్లాస్టిక్ కుర్చీలు,
చికెన్ వేపుడు వాసన,
కుండీలల్ల బంతిపూలు, తెంపరాదని బోర్డు.
ముసలవ్వను వెతకలే,
అంత పిచ్చిదాన్ని కాదు.

కాని హోటలు వెనుక, సిలిండర్లు పెట్టిన కాడ
ఒక మెట్టు మీద కూసొని
మొదటిసారి
ఇటు నుంచి ఆ గట్టును చూసిన.
ఎంత చిన్నగున్నది!
మేం ఐదుగురం గిన్నె చుట్టు కూసున్న జాగ
చింతగింజంత.
ఐదుగురిల ముగ్గురు లేరు.
అందరి తర్వాత పోయింది కోమల,
ఆరేండ్ల కింద.
మిల్లు గోడ కూడ లేదు.
అయినా ఈడ కూసుంటె
అందరూ ఆడ కూసున్నట్టే ఉన్నది,
నేను ఒక్కదాన్నే
తప్పిపోయి ఇటొచ్చినట్టు.

మసక పడ్డది.
చెప్పు కానరాక ఫోను లైటు వేసిన.
అవుతల గట్టు మీద ఎవరిదో చిన్నపిల్ల,
గౌను రంగు తెలుస్తలే,
ఇటు దిక్కు చెయ్యి చూపించుకుంట
వాళ్ల నాయిన అంగీ పట్టి గుంజుతాంది.
ఆయన వంగి ఏందో చెప్పిండు.
ఏం చెప్పిండో నీళ్లు దాటి రాలే.

చెప్పు దొరికింది.
లైటు ఆర్పబోయిన.
ఆర్పలే.